డైపర్ ర్యాష్, జింక్ ఆక్సైడ్ క్రీము: మీ ప్రశ్నలకు జవాబులు

ఈ సంచికకి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం డైపర్ ర్యాష్ గురించే. జింక్ ఆక్సైడ్ క్రీము రాస్తూనే ఉన్నాం, అయినా ఎందుకు తగ్గడం లేదు అని చాలామంది అడిగారు. అందుకే మిగతా విషయాలు పక్కన పెట్టి ఈసారి దీని గురించే రాస్తున్నాను.

ప్రశ్న: మా పాపకి తొమ్మిదో నెల. ఈమధ్య విరేచనాలు పట్టుకున్నాయి, అవి తగ్గాయి గానీ అప్పటినుంచి పిరుదులు, తొడల లోపలివైపు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. డైపర్ మార్చినప్పుడల్లా వైప్స్‌తో పాత క్రీము అంతా పోయేదాకా తుడిచి, మళ్లీ కొంచెం జింక్ ఆక్సైడ్ క్రీము తీసుకుని చర్మంలోకి ఇంకేలా రాస్తున్నాను. వారం దాటింది. తుడుస్తుంటే గుక్కపట్టి ఏడుస్తోంది. క్రీము మార్చమంటారా?

జవాబు: ముందు క్రీము కాదమ్మా, రాసే పద్ధతి మార్చాలి. పాతది పోయేదాకా తుడుస్తున్నారు, కొత్తది ఇంకేదాకా రుద్దుతున్నారు. ఈ రెండూ మానేస్తే చాలావరకు తేడా మీకే తెలుస్తుంది.

ఒళ్లు పొడిబారితే రాసే లోషన్ ఇంకాలి, నిజమే. జింక్ ఆక్సైడ్ అలాంటిది కాదు. అది నీళ్లలో కరగని తెల్లటి పొడి, దాన్ని మెత్తటి జిడ్డు పదార్థంలో కలిపి క్రీముగానో ఆయింట్‌మెంట్‌గానో చేస్తారు. చెమ్మను కొంచెం లాగే గుణం, సూక్ష్మజీవుల్ని కొద్దిగా అదుపులో పెట్టే గుణం దానికి ఉన్నాయి గానీ అసలు పని మాత్రం చర్మం మీద అడ్డంగా ఉండి తడినీ మలాన్నీ తగలనివ్వకపోవడం. ఆ అడ్డం వెనకాల చర్మం తనంతట తానే మానుతుంది. పల్చగా రుద్దేస్తే అడ్డమే ఉండదు, ఇక అది మానేదెలా?

ర్యాష్ ఎందుకొచ్చిందో కూడా తెలుసుకుంటే ఎక్కడ జాగ్రత్త పడాలో తేలిగ్గా అర్థమవుతుంది. డైపర్ లోపల గంటల తరబడి తడిలో ఉన్న చర్మం నానిపోయి మెత్తబడుతుంది, అలాంటప్పుడు డైపర్ అంచు కాస్త ఒరుసుకున్నా చాలు, పైపొర లేచిపోతుంది. దానికి తోడు మలంలో ఉండే బాక్టీరియా మూత్రంలోని యూరియాని విరగ్గొట్టి అమ్మోనియా తయారుచేస్తుంది, దాంతో అక్కడి ఆమ్లగుణం తగ్గి క్షారగుణం పెరుగుతుంది. సరిగ్గా అలాంటి చోటే మలంలోని ఎంజైములు, అంటే తిన్న ప్రోటీన్లనీ కొవ్వునీ అరిగించడానికి పేగుల్లోంచి వచ్చినవి, చురుగ్గా పనిచేస్తాయి. చర్మం కూడా ప్రోటీనూ కొవ్వే కదా, దాన్నీ తినేస్తాయి. విరేచనాలప్పుడు ఈ ఎంజైములు ఇంకా ఎక్కువగా బయటికి వస్తాయి, అందుకే మీ పాపకి అప్పుడే మొదలైంది. 9 నుంచి 12 నెలల మధ్య ఈ ర్యాష్ ఎక్కువగా కనిపించే వయసు కూడా. మీరు శుభ్రత పాటించకపోవడం వల్ల వచ్చిందని ఎవరైనా అంటే మనసులో పెట్టుకోకండి. మీ ఉత్తరం చూస్తే అవసరానికి మించి శుభ్రం చేస్తున్నారు.

ఇక ఏం చేయాలో చెప్తాను. పాప మల విసర్జన చేసిందని తెలియగానే డైపర్ మార్చండి, మూత్రం మాత్రమే అయితే రెండు మూడు గంటలకోసారి చూడండి. ర్యాష్ ఉన్నన్నాళ్లూ వైప్స్ పక్కన పెట్టి గోరువెచ్చని నీళ్లు, మెత్తటి గుడ్డ లేదా దూది వాడండి. వైప్స్ తప్పనిసరి అయితే వాసన, ఆల్కహాల్ లేనివి తీసుకోండి. ప్రతిసారీ సబ్బు పెట్టక్కర్లేదు. ఇప్పుడు జాగ్రత్తగా చూడండి: పాత క్రీము పూత మీద మలం అంటుకుని ఉంటుంది, ఆ మలం ఉన్న పైపొరని మాత్రం తడి దూదితో మెల్లగా ఎత్తేసినట్టు తీయండి, దాని కింద తెల్లగా శుభ్రంగా ఉన్న పూతని అలాగే వదిలేయండి. మొత్తం తీయాలనిపిస్తే దూదిని బేబీ ఆయిల్‌లో ముంచి ఒక్కసారి నెమ్మదిగా జరపండి, జిడ్డుకి జిడ్డే లొంగుతుంది, నీళ్లతో రుద్దితే క్రీము పోదు, చర్మమే పోతుంది. ఆ తర్వాత గుడ్డతో అద్ది తడి తీసి, కొన్ని నిమిషాలు గాలికి ఆరనివ్వండి. తడి చర్మం మీద క్రీము పూస్తే ఆ తడిని లోపల బంధించినట్టే.

బాగా ఆరాక చర్మం రంగు కనిపించనంత మందంగా పూయండి. వేలితో ముట్టుకుంటే పూత చేతికి తగలాలి. పాప ఏడుస్తుంటే వేలితో లాగుతూ రాయకండి, ఎర్రగా ఉన్నచోట కొంచెం కొంచెంగా అద్దుకుంటూ పోండి, నొప్పి ఉండదు. పూత డైపర్‌కి అంటుకుపోతుంటే పైన కొంచెం పెట్రోలియం జెల్లీ రాయొచ్చు. డైపర్ బిగించి కట్టకండి, నడుం దగ్గర మీ వేళ్లు రెండు దూరేంత వదులుండాలి. రోజులో వీలైనప్పుడల్లా పాపని ఒక గుడ్డ మీద డైపర్ లేకుండా వదిలేయండి, గుడ్డ తడిస్తే తడవనివ్వండి, ఆ గాలి చేసే మేలు ఏ ట్యూబూ చేయలేదు.

ఇలా చేస్తే రెండు మూడు రోజుల్లో ఎరుపు తగ్గుముఖం పట్టాలి. పట్టకపోతే మాత్రం క్రీము మందం ఇంకా పెంచుతూ కూర్చోకండి, అప్పుడది ఒట్టి ఒరిపిడి కాదని అనుమానించి డాక్టరుకి చూపించండి. మీ విషయంలో వారం దాటింది కాబట్టి, ఈ మార్పు మొదలుపెడుతూనే డాక్టరు దగ్గరికి కూడా వెళ్లి రండి. జ్వరం, చీము, నీటిపొక్కులు, రక్తం కనిపిస్తే ఒక్కరోజు కూడా ఆగొద్దు.

ప్రశ్న: మా బాబుకి చెవినొప్పికి యాంటీబయాటిక్ వాడాం. తర్వాత గజ్జల మడతల్లో బాగా ఎర్రగా అయింది, చుట్టూ చిన్న చిన్న ఎర్రటి పొక్కులు కూడా ఉన్నాయి. జింక్ క్రీము మందంగానే రాస్తున్నాం, ఏం లాభం లేదు. నాకు పాతికేళ్ల నుంచీ ఉన్న గజ్జికి రాసుకునే, మూడు మందులు కలిపిన ట్యూబు ఒకటి ఇంట్లో ఉంది, అది వేసిన మర్నాటికే తగ్గిపోతుంది. బాబుకి కొంచెం రాయొచ్చా?

జవాబు: వద్దండి. దయచేసి ఆ ట్యూబు బాబు డైపర్ దగ్గరికి రానివ్వకండి.

మీరు రాసిన గుర్తులు చూస్తే ఫంగస్, అంటే కాండిడా అనే ఈస్టు పట్టినట్టు అనిపిస్తోంది. మామూలు ఒరిపిడి ర్యాష్ డైపర్ గట్టిగా తగిలే ఎత్తు భాగాల్లో వస్తుంది, పిరుదుల గుబ్బలు, తొడలు, పొత్తికడుపు కింద. మడతల లోపల డైపర్ తగలదు కాబట్టి అక్కడ చర్మం చాలావరకు బాగానే ఉంటుంది. ఫంగస్‌కి కావాల్సింది వెచ్చదనం, చెమ్మ, చీకటి, అవి దొరికేది మడతల్లోనే. మడతని వేలితో విడదీసి చూడండి, లోపల నిగనిగలాడే ముదురు ఎరుపు, దాని అంచు దాటి అక్కడక్కడా విసిరేసినట్టు చిన్న పొక్కులు ఉంటే అది దాదాపు ఫంగసే. ఛాయ తక్కువ ఉన్న పిల్లల్లో ఎరుపు బదులు ముదురు గోధుమ రంగుగానో ఊదాగానో కనిపించొచ్చు, ఎరుపు లేదు కదా అని వదిలేయకండి. యాంటీబయాటిక్ వాడాక ఇది రావడం చాలా మామూలు, చెడ్డ బాక్టీరియాతో పాటు ఈస్టుని అదుపులో పెట్టే మంచి బాక్టీరియా కూడా చచ్చిపోతుంది. నోట్లో నాలుక మీదా బుగ్గల లోపలా తుడిస్తే పోని తెల్లటి మచ్చలున్నాయేమో కూడా చూడండి, ఉంటే అదీ డాక్టరుకి చెప్పాలి.

జింక్ ఆక్సైడ్ ఫంగస్‌ని చంపలేదు. దానికి నిస్టాటిన్, క్లోట్రిమజోల్, మైకొనజోల్ లాంటి మందు డాక్టరు రాసిస్తారు. అప్పుడు జింక్ క్రీము మానాల్సిన పనిలేదు, వరస మాత్రం గుర్తుంచుకోండి: ముందు ఫంగస్ మందు పల్చగా నేరుగా చర్మానికి, కాసేపాగి దానిమీద జింక్ పూత. తిరగేసి రాస్తే మందు చర్మాన్నే చేరదు. ర్యాష్ పోయినట్టు కనిపించగానే ఆపేయకుండా డాక్టరు చెప్పినన్ని రోజులు రాయండి, లేకపోతే మళ్లీ వస్తుంది.

ఇక మీ ట్యూబు సంగతి. మూడు మందుల ట్యూబుల్లో సాధారణంగా ఒక ఫంగస్ మందు, ఒక బాక్టీరియా మందు, వాటితో పాటు బీటామెథాసోన్‌గానీ క్లోబెటాసోల్‌గానీ లాంటి బలమైన స్టెరాయిడ్ ఉంటాయి. మర్నాటికే తగ్గినట్టు కనిపించేది ఆ స్టెరాయిడ్ వల్ల. అది ఎరుపుని అణచిపెడుతుంది, ఫంగస్‌ని మాత్రం కాదు. పసివాళ్ల ఒంటి బరువుతో పోలిస్తే చర్మం విస్తీర్ణం ఎక్కువ, పైగా డైపర్ మూత పెట్టినట్టు ఉండటంతో మందు మామూలు కంటే చాలా ఎక్కువగా ఒంట్లోకి పోతుంది. చర్మం కాగితంలా పల్చబడొచ్చు, ఎక్కువ రోజులు వాడితే ఒంట్లో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్ హార్మోను కూడా దెబ్బతింటుంది. ఒక్కోసారి డాక్టరే తక్కువ బలం ఉన్న హైడ్రోకార్టిసోన్ కొద్ది రోజులకి ఇస్తారు, అది వేరే విషయం. పెద్దవాళ్ల ట్యూబు పిల్లలకి రాసే అలవాటు చూస్తే నాకు నిజంగా భయం వేస్తుంది, దీని గురించి మాత్రం ఎన్నిసార్లయినా చెప్తాను. మీరు కూడా అన్నేళ్లుగా అదే ట్యూబు వాడుతున్నారంటే మీ చర్మం కూడా ఒకసారి చూపించుకోండి.

ప్రశ్న: ట్యూబుల మీద 10 శాతం, 20 శాతం, 40 శాతం అని రకరకాలుగా ఉంటుంది. ఎక్కువ శాతం ఉంటే బాగా పనిచేస్తుందా?

జవాబు: ర్యాష్ లేనప్పుడు ముందుజాగ్రత్తకి, లేదా లేత ఎరుపుకి 10 నుంచి 20 శాతం చాలు, పూయడం తేలిక, కడగడం తేలిక. బాగా కందిపోయి చెమ్మ ఊరుతుంటే, విరేచనాలు ఆగకుండా అవుతుంటే 40 శాతం దాకా ఉన్న చిక్కటి పేస్టు ఎక్కువసేపు నిలబడుతుంది. శాతంతో పాటు అది క్రీమా, ఆయింట్‌మెంటా, పేస్టా అన్నది కూడా చూడాలి. క్రీములో నీళ్లు ఉంటాయి కాబట్టి త్వరగా చెదిరిపోతుంది, పేస్టు మొండిగా అంటిపెట్టుకుంటుంది.

పేస్టు కొనేటప్పుడు ఒక చిన్న జాగ్రత్త. 19వ శతాబ్దంలో ఆస్కార్ లాసర్ అనే జర్మన్ చర్మవైద్యుడు జింక్ ఆక్సైడ్, పిండి పదార్థం, పెట్రోలియం జెల్లీ కలిపి తయారుచేసిన పేస్టు ఆయన పేరుతోనే ఇప్పటికీ ఉంది. దాని అసలు ఫార్ములాలో సాలిసిలిక్ ఆమ్లం కూడా 2 శాతం ఉంటుంది. చర్మం మందంగా గట్టిపడిన పెద్దవాళ్లకి అది పనికొస్తుంది, పసిపిల్లల కందిన చర్మానికి పనికిరాదు. అందుకని ముందువైపు పేరు చూసి ఊరుకోకుండా వెనక రాసిన పదార్థాలు చదవండి. సాలిసిలిక్ ఆమ్లం, బోరిక్ ఆమ్లం, కర్పూరం, ఫినాల్, బెంజోకెయిన్ వీటిలో ఏది కనిపించినా పిల్లలకి వద్దు. సువాసన కలిపినది కూడా లేకపోతేనే మంచిది.

ప్రశ్న: ముందు పౌడర్ చల్లి దానిమీద జింక్ క్రీము రాస్తే తడి బాగా పీలుస్తుందని మా అత్తయ్యగారు అంటున్నారు. నిజమేనా?

జవాబు: ఆవిడ మంచి మనసుతోనే చెప్పి ఉంటారు, కానీ పౌడర్ వద్దు. చల్లేటప్పుడు గాల్లోకి లేచే సన్నటి పొడి పాప ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది, టాల్కమ్ పౌడర్‌తో పిల్లలకి ఊపిరి ఇబ్బందులు వచ్చిన సందర్భాలు ఉన్నాయి. పైగా తడిసిన పౌడర్ మడతల్లో ఉండకట్టి ఇసుకలా ఒరుసుకుంటుంది, పౌడర్ మీద రాసిన క్రీము చర్మాన్ని పట్టుకోదు. అత్తయ్యగారికి ఇలా చెప్పి చూడండి: పౌడర్ చేయాల్సిన పని గుడ్డతో అద్ది, గాలికి ఆరబెట్టడంతోనే అయిపోతుంది.

ప్రశ్న: ఒంట్లో జింక్ తక్కువైతే ర్యాష్ వస్తుందని చదివాను. క్రీము రాస్తే ఆ లోపం తీరుతుందా?

జవాబు: తీరదు. క్రీములోది చాలావరకు చర్మం పైనే ఉండిపోతుంది, లోపం తీర్చేంత లోపలికి పోదు. డైపర్ ర్యాష్ వచ్చిన పిల్లల్లో ఎక్కువమందికి జింక్ లోపమేమీ ఉండదు కూడా, కాబట్టి మీ అంతట మీరు జింక్ చుక్కలు మొదలుపెట్టకండి.

అయితే అరుదుగా, పేగులు జింక్‌ని సరిగా పీల్చుకోలేని ఒక జన్యుపరమైన జబ్బు ఉంది. అందులో ర్యాష్ డైపర్ చోటే కాక నోటి చుట్టూ, చేతివేళ్లకీ కాలివేళ్లకీ కూడా వస్తుంది, విరేచనాలు విడవకుండా ఉంటాయి, జుట్టు ఊడిపోతుంది, బిడ్డ చిరాగ్గా ఉండి బరువు పెరగదు. తల్లిపాలలోని జింక్‌ని బిడ్డ ఒళ్లు తేలిగ్గా తీసుకోగలదు కాబట్టి, చాలామందిలో పాలు మాన్పించాకే బయటపడుతుంది. ఏ క్రీముకీ లొంగని ర్యాష్ నోటి చుట్టూ కూడా కనిపిస్తే పిల్లల డాక్టరుకి ఈ మాట గుర్తుచేయండి. రక్తపరీక్షతో తెలుస్తుంది, నోటి ద్వారా జింక్ ఇస్తే చాలా త్వరగా తేరుకుంటారు.

ప్రశ్న: డైపర్ మారుస్తుండగా మా వాడు ట్యూబు లాక్కుని నోట్లో పెట్టుకున్నాడు. మూతి నిండా తెల్లగా ఉంది. చాలా టెన్షన్ పడ్డాం.

జవాబు: కొంచెం నాకినందువల్ల సాధారణంగా ప్రమాదం ఉండదు, కడుపులో కాస్త తిప్పినట్టు ఉండొచ్చు. నోరు తడిగుడ్డతో తుడిచి పాలో నీళ్లో కొంచెం తాగించండి, బలవంతంగా వాంతి చేయించకండి. ఎక్కువ మింగాడనిపించినా, వాంతులు ఆగకపోయినా, ఊపిరి పీల్చడంలో తేడా ఉన్నా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి, ట్యూబు కూడా పట్టుకెళ్లండి, అందులో జింక్‌తో పాటు ఏమేం ఉన్నాయో వాళ్లు చూస్తారు.

ప్రశ్న: మేం గుడ్డ డైపర్లు వాడతాం. క్రీము రాస్తే గుడ్డకి తెల్లగా పట్టేసి ఎంత ఉతికినా పోవడం లేదు, తడి కూడా పీల్చడం లేదు.

జవాబు: జిడ్డు గుడ్డ దారాల్లో పట్టుకుంటే నీళ్లు లోపలికి పోవు, జింక్ నీళ్లలో కరగదు కాబట్టి ఉతికినా వదలదు. చర్మానికీ డైపర్‌కీ మధ్య పల్చటి మెత్తని గుడ్డ ముక్క వేసి, డైపర్ మార్చినప్పుడల్లా దాన్నీ మార్చేస్తూ ఉండండి. ఇప్పటికే పట్టేసినచోట కొంచెం గిన్నెలు తోమే ద్రవం వేసి వేడినీళ్లలో రుద్ది, సబ్బు మిగలకుండా బాగా జాడించండి. ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ వాడుతుంటే మానేయండి, అదీ తడి పీల్చనివ్వదు. ర్యాష్ తీవ్రంగా ఉన్న నాలుగు రోజులూ మాత్రం వాడి పారేసే డైపర్లు వేస్తే బిడ్డ త్వరగా తేరుకుంటుంది, అవి తడిని చర్మానికి దూరంగా లాగి పట్టుకుంటాయి.

ప్రశ్న: పాపకి మెడ మీద, వీపు మీద చెమటకాయలు వచ్చాయి. అదే క్రీము రాయొచ్చా?

జవాబు: చెమటకాయలు వచ్చేదే చెమట బయటికి పోయే దారులు మూసుకుపోయి. వాటిమీద జిడ్డు పూత మందంగా వేస్తే ఇంకా మూసుకుపోతాయి. చల్లగా ఉంచండి, వదులైన నూలు బట్టలు వేయండి, దురదగా ఉంటే కాలమైన్ లోషన్ పల్చగా రాయొచ్చు. దాంట్లోనూ జింక్ ఆక్సైడే ఉంటుంది, గులాబీ రంగు వచ్చేది కొద్దిగా కలిపిన ఐరన్ ఆక్సైడ్ వల్ల. కానీ అది నీళ్లలాంటి లోషన్, ఆరిపోతూ చల్లబరుస్తుంది.

ప్రశ్న: మా నాన్నగారు మంచం పట్టి కొన్ని నెలలైంది. డైపర్ వేస్తున్నాం. గజ్జల్లో, నడుము కింద చర్మం ఎర్రబడి తొక్క ఊడుతోంది. పిల్లలకి వాడే జింక్ క్రీము పెద్దవాళ్లకి పనిచేస్తుందా?

జవాబు: పనిచేస్తుంది. వయసు పెద్దయ్యేకొద్దీ చర్మం పల్చబడి పసివాళ్ల చర్మం కంటే తేలిగ్గా చిరుగుతుంది కాబట్టి మీరు ఇప్పుడే అడగడం మంచిదైంది. పైన పాపకి చెప్పినట్టే మెల్లగా శుభ్రం చేయడం, అద్ది ఆరబెట్టడం, పాత పూతని గీకి తీయకపోవడం అన్నీ ఇక్కడా వర్తిస్తాయి. ఒక్క తేడా, పెద్దవాళ్ల డైపర్లలో మరీ మందంగా పూస్తే ఆ క్రీము డైపర్ పైపొరకి పట్టేసి మూత్రం లోపలికి ఇంకకుండా చేస్తుంది, అప్పుడు నాన్నగారు తడిలోనే ఉండిపోతారు. చర్మం ఎర్రబడినంత మేర మాత్రమే మధ్యరకంగా పూయండి. గజ్జల మడతల్లో పొక్కులు, తెల్లగా పాచినట్టు ఉంటే అక్కడ కూడా ఫంగస్ ఉండొచ్చు, మధుమేహం ఉన్నవాళ్లకి మరీ ఎక్కువ.

నాకు ఎక్కువ ఆందోళనగా ఉన్నది నడుము కింద అన్న మాట. ఎముక పొడుచుకొచ్చినట్టు ఉండే చోట, అంటే నడుము దిగువన, తుంటి పక్కన, మడమల దగ్గర ఎరుపుంటే అది తడి వల్ల వచ్చిందో ఒత్తిడి వల్ల వచ్చిందో తేల్చుకోవాలి. క్రీము తీసి, ఆ ఎరుపు మీద వేలితో కొన్ని క్షణాలు నొక్కి వదలండి. తెల్లబడి మళ్లీ ఎర్రబడితే రక్తం ఆడుతోందన్నమాట. నొక్కినా రంగు మారకుండా అలాగే ఉంటే పడక పుండు మొదలవుతోందని అర్థం. చర్మం నల్లగా ఉండి ఎరుపు తెలియకపోతే చేత్తో తడిమి చూడండి, చుట్టుపక్కల కంటే వెచ్చగానో గట్టిగానో ఉంటే అదీ గుర్తే. దానికి జింక్ పూత సరిపోదు, దాదాపు రెండు గంటలకోసారి పక్కకి తిప్పడం, ఆ చోట బరువు పడకుండా చూడటం ముఖ్యం, ఆలస్యం చేయకుండా నర్సుకో డాక్టరుకో చూపించాలి. తెల్లటి పూత కింద పుండు దాక్కుని పెరిగిపోయే ప్రమాదం ఉంది కాబట్టి రోజుకోసారైనా బేబీ ఆయిల్‌తో పూత మొత్తం మెల్లగా తీసి, వెలుతురులో చర్మం చూడండి. తిప్పేటప్పుడు పక్క మీద ఈడ్చకుండా ఇద్దరు కలిసి కింద దుప్పటితో సహా ఎత్తి జరపండి.